కాగితం మీద పుట్టకొక్కు

అల్ రయ్యాన్ క్యాంప్, ఖతార్
జనవరి 9, గురువారం

గౌరక్కకు తమ్ముడు రాజనర్సు దండాలు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్లో మనిద్దరి మాటలు ఎప్పుడు సాగాయి? ఇక్కడ నా పక్కన గజేందర్, అక్కడ నీ పక్కన వాడి భార్య విజయరాణి. వాళ్ల ముచ్చట్లు అయ్యాక మిగిలిన రెండు నిమిషాలు మనవి. పైగా ఈ సంగతికి కాగితమే కావాలి, ఎందుకో చివర్లో చెబుతాను. ఉత్తరమంటే పుస్తకాల భాషలో రాయాలని మన బడి సారు వేళ్ల మీద కొట్టి నేర్పాడు కనుక అట్లాగే రాస్తున్నాను.

అక్కా, దుబాయ్‌లో పుట్టకొక్కులు మొలిచాయి! ఇది ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా నీకు దుబాయే కదా, అందుకే నీ మాటే రాశాను. మదీనత్ ఖలీఫాలో నేను గడ్డి, మొక్కలు చూసే విల్లా ఒకటుంది. ఈ నెల మొదట్లో రెండు రోజులు వాన పడింది. నిన్న పొద్దున డ్యూటీకి వెళ్లేసరికి గోడ పక్కన రేగుచెట్టు కింద పది పన్నెండు తెల్ల గొడుగులు విచ్చుకుని ఉన్నాయి. ఒక్కొక్కటి అరచేయంత. పీకి పారేయమన్నారు ఇంటివాళ్లు. నేను పీకాను కానీ పారేయలేదు, సంచిలో వేసుకుని క్యాంపుకు తెచ్చాను. గజేందర్ చూసి ఎగిరి గంతేశాడు. "అరే నర్సూ, గివి మన కొక్కులేరా! తొమ్మిదేండ్లాయె నోట్లె పెట్టక!" అన్నాడు.

నాకూ ఒక్క క్షణం అనుమానం వచ్చింది, లేదనను. గజేందర్ వెంటనే తన వెండి మొలతాడు తీసి ముక్కలు ఉడికించిన నీళ్లలో ముంచాడు. విషమైతే వెండి నల్లబడుతుందంటారు కదా, నల్లబడలేదు. ఇంకేం కావాలి?

కానీ మన ఊళ్లో నువ్వు చూడని కొక్కు ఎవరి చట్టిలోనూ పడదు కదా. ఆ పద్ధతి తప్పడం నాకు ఇష్టం లేదు. అందుకని నువ్వు తెల్లగుడ్డ మీద పెట్టినట్టే ఒక గొడుగును నిన్న సాయంత్రం ఈ రెండో కాగితం మీద బోర్లా పెట్టి, ఎత్తకుండానే మడతపెట్టి పంపుతున్నాను. మా క్యాంపు తిరుమల్ రేపు సెలవు మీద వస్తున్నాడు, నీ చేతికే ఇస్తాడు. నీకు అందేసరికి మేము తినేసి ఉంటామనుకో. రేపు శుక్రవారం, సెలవు. నీకు చూపించామన్న తృప్తి ఉంటే చాలు మాకు.

నోరూరుతూ,
నీ రాజనర్సు


బూరుగుగూడ, నిర్మల్ జిల్లా
జనవరి 13

తమ్ముడు రాజనర్సుకు,

ఆశీస్సులు తర్వాత. ముందు తిట్లు.

శనివారం తిరుమల్ వచ్చి కాగితం ఇచ్చాడు. మడత విప్పితే నీ కొక్కు అప్పడంలా ఎండి ఉంది. మెల్లగా ఎత్తాను. దాని కింద కాగితం మీద బండిచక్రం ఆకుల్లాగా గీతలు గీతలుగా పొడి రాలి ఉంది. పాచి రంగు. ఆకుపచ్చ!

వెంటనే ఫోన్ చేశాను. విజయరాణి పరుగెత్తుకొచ్చి పక్కన కూర్చుంది. నువ్వేమన్నావు? "అక్కా, తినలే అక్కా, పారేసినం." విజయరాణి ఊపిరి పీల్చుకుంది. నేను పీల్చుకోలేదు. నువ్వు చిన్నప్పటి నుంచి అబద్ధం చెప్పేటప్పుడే ఒక మాటలో రెండుసార్లు 'అక్కా' అంటావు. గజేందర్ ఏడీ అంటే పడుకున్నాడన్నావు. మధ్యాహ్నం పూట, భార్య ఫోన్లో ఉండగా పడుకునే మనిషా వాడు?

ఇప్పుడు విను. మన కొక్కు కాగితం మీద పెడితే లేత గులాబీ పొడి రాలుతుంది. ఏటా చాటలో తెల్లగుడ్డ పరిచి నేను చూసేది అదే. నేనేదో పూజ చేస్తున్నాననుకునేవాళ్లు మీరంతా. మన కొక్కు కాడ పుట్టలోకి జానెడు లోతు దిగి ఉంటుంది, తవ్వి తీయాలి. నువ్వు పీకితే వచ్చిందంటే పైపైన మొలిచిందన్నమాట. నువ్వు పంపిన గొడుగుకు అంటుకున్న కాడ ముక్కకు ఒక కంకణం ఉంది, వేలితో తోస్తే పైకీ కిందికీ జరుగుతోంది. మన కొక్కుకు అట్లా జరిగే కంకణం ఉండదు. ఇక ఆ మొలతాడు సంగతి! వెండికి కొక్కుల సంగతి ఏం తెలుసురా?

నీ కాగితం నీకే తిరిగి పంపుతున్నాను. నీ కళ్లతో చూడు. చూసి నిజం రాయి. ఫోన్లో వద్దు, విజయరాణి వింటుంది.

నీ అక్క
గౌరవ్వ


అల్ రయ్యాన్ క్యాంప్
ఫిబ్రవరి 2

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ అందింది. క్యాంప్ ఆఫీసులో సువార్తరావు గారు ఇచ్చారు. ఆయనది కృష్ణా జిల్లా, మా మంచీ చెడూ అన్నీ ఆయన చేతిలోనే. "ఈ రోజుల్లో కూడా ఉత్తరాలు రాసేవాళ్లు ఉన్నారా రాజనర్సూ! అదృష్టవంతుడివయ్యా" అన్నారు. ఆ కాగితం చేతిలో ఉండగా ఆయన మొహం చూడలేకపోయాను.

తిన్నారక్కా. నేను తినలేదు. వాళ్లు తిన్నారు.

ఆ శుక్రవారం కూర పొయ్యి మీద ఉండగానే విల్లాలో నీళ్ల పైపు పగిలిందని నాకు ఫోన్ వచ్చింది. నేను వచ్చేదాకా ఆగమని చెప్పి వెళ్లాను. ఆ వాసనకు ఎవరు ఆగుతారు? గజేందర్, మా గదిలో ఇంకో ఇద్దరు పన్నెండింటికల్లా తినేశారు. నాకోసం ఒక గిన్నెలో తీసి మూతపెట్టారు కూడా. మూడు గంటలకు మొదలైంది. వాంతులు, విరేచనాలు. నేను సాయంత్రం వచ్చేసరికి ఆ ఇద్దరూ గోడకు ఒరిగి కూర్చున్నారు, గజేందర్‌ను అంబులెన్స్ తీసుకుపోయింది. చిన్నప్పుడు మన ఊరి గంగులమ్మ ఇచ్చిన అరిసె తిని నేను పడ్డ పాట్లు అమ్మ చెబుతుండేది కదా, అంతకు పదింతలు పడ్డాడు వాడు. నువ్వు ఫోన్ చేసిన రోజు వాడు ఆసుపత్రిలో సెలైన్ మీద ఉన్నాడు. నాలుగో రోజు పంపించారు. ఇప్పుడు బాగున్నాడు, డ్యూటీకి పోతున్నాడు. ఈ ఒక్క మాట ముందు గట్టిగా పట్టుకో, ఆ తర్వాతే మిగతాది చదువు.

క్యాంప్ గదుల్లో వంట చేయకూడదు. కరెంటు పొయ్యి దొరికితే మనిషిని ఇంటికి పంపేస్తారు. అందుకని డాక్టరు అడిగితే గజేందర్ "మెస్‌లో కోడికూర తిన్నా" అని చెప్పాడు. మిగతా ఇద్దరూ అదే చెప్పారు. నేను పొయ్యి దాచేసి నోరు కుట్టేసుకున్నాను.

మెస్‌లో వంట చేసేది ముజఫ్ఫర్ అలీ, బీహార్ ఆయన. పద్నాలుగేళ్లుగా ఇదే వంటగది. ఇప్పుడు వంట మాన్పించి బాత్‌రూములు కడిగిస్తున్నారు. విచారణ అయ్యాక ఈ నెలాఖరుకు టికెట్ కొట్టి పంపించేస్తారట.

గజేందర్ రాగానే పథ్యానికని ఆయనే ఖిచ్డీ చేయించి తెచ్చాడక్కా. నా మంచం మీదే కూర్చుని తినిపించాడు. ఆయన కూర్చున్న పరుపు కింద పొయ్యి ఉంది. ఇప్పుడు నీ కాగితమూ అక్కడే పెట్టాను. ఏం చేయాలో తోచడం లేదు. నిజం చెబితే నలుగురం ఇంటికి, చెప్పకపోతే ఆయన ఒక్కడు ఇంటికి. గజేందర్ ఈ లెక్కే పదేపదే చెబుతున్నాడు. నాకు అన్నం సయించడం లేదు.

నిజామాబాద్ ఆయన ఒకరు సెలవు మీద వెళ్తుంటే ఇది ఆయన చేతికి ఇస్తున్నాను. విజయరాణికి చెప్పకు.

రాజనర్సు


బూరుగుగూడ
ఫిబ్రవరి 6

రాజనర్సూ,

గజేందర్ బాగున్నాడన్న మాట నువ్వు చెప్పినట్టే గట్టిగా పట్టుకున్నాను. మిగతాది చదివాక నీ మీద ఎంత కోపం వచ్చిందంటే, ఎదురుగా ఉంటే చెంప పగిలేది. వండినవాడివి నువ్వు, కడుగుతున్నవాడు ఆయన! నలుగురు ఎక్కువా, ఒకడు తక్కువా అని లెక్క చూస్తారా? ఆ ఒకడు ఏ పాపం చేశాడు?

నీకు ఇట్లా రాయడానికి నాకు హక్కు లేదు. అది కూడా రాయాలి కనుక రాస్తున్నాను. నీకు గంగులమ్మ అరిసె గుర్తుంది కదా. నీకు నాలుగేళ్లు, నాకు పదహారు. ఆ పొద్దున అమ్మ వెంట కాకుండా నేనొక్కదాన్నే అడవి అంచుకు పోయి కొక్కులు తెచ్చాను. నాకూ అన్నీ తెలుసని చూపించాలని. ఒకటి నిప్పుల మీద కాల్చి ఉప్పు అద్ది నీ నోట్లో పెట్టాను. ఇంకా కావాలని ఏడిస్తే ఇంకొకటి పెట్టాను. మధ్యాహ్నానికి నువ్వు కళ్లు తేలేశావు. ఏం తిన్నాడని అమ్మ అడిగింది. పొద్దున గంగులమ్మ నీకు అరిసె ఇచ్చిన మాట నిజమే. నేను ఆ పేరు చెప్పాను.

నువ్వు బతికావు. గంగులమ్మ మాత్రం ముప్పై ఏళ్లుగా మన గడప తొక్కలేదు. ఆమెను పెళ్లిళ్లకు ఎవరూ పిలవలేదు. ఊళ్లో ఎవరూ తమ పిల్లల్ని ఆమె చేతి వంట తిననివ్వలేదు. నేను ఏటా తెల్లగుడ్డ పరిచి కొక్కులు చూడటం ఆ ఏడాదే మొదలుపెట్టాను. ఊరంతా నన్ను కొక్కుల గౌరవ్వ అంటుంది. అనిపించుకుంటూనే ఉన్నాను.

ముప్పై ఏళ్లు మోస్తే ఇది ఎంత బరువుంటుందో నాకు తెలుసు. నువ్వు నెల రోజులకే అన్నం సయించడం లేదన్నావు. ఆ కాగితం తీసుకెళ్లి సువార్తరావు గారి బల్ల మీద పెట్టు. ఇంటికి పంపిస్తే రా. ఇక్కడ తిండికి లోటు లేదు.

గౌరవ్వ


అల్ రయ్యాన్ క్యాంప్
ఫిబ్రవరి 9

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేకపోయాను. కాగితం ఇచ్చేశాను.

మొన్న శుక్రవారం నీళ్ల కోసం మెస్ వెనక్కి వెళ్లాను. ముజఫ్ఫర్ భాయ్ కింద కూర్చుని ఉన్నాడు. చుట్టూ మసాలా డబ్బాలు, పప్పుల సంచులు. కొత్త వంటవాళ్లు పక్కన పెట్టేసిన తన సరుకు ఒక్కొక్కటీ వాసన చూసి పారబోస్తున్నాడు. ఏం చేస్తున్నావని అడిగితే, "రాజూ భాయ్, గల్తీ కహా హుయీ, సమఝ్ నహీ ఆతా" అన్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో తెలియడం లేదట. ఆ రోజు కోడిని ఎన్ని గంటలకు బయటికి తీశాడో, చేతులు కడుక్కున్నాడో లేదో, రోజూ అదే గుర్తుచేసుకుంటున్నాడట. ఆసుపత్రిలో పిల్లవాడు చచ్చిపోయి ఉంటే తన పాపమే కదా అని కళ్లు తుడుచుకున్నాడు. గజేందర్‌ను పిల్లవాడు అంటాడు ఆయన, వాడికి నలభై దాటినా.

అక్కా, ఆయన పోతాడని నేను భయపడుతున్నాను కానీ ఆయన తన తప్పేనని నమ్ముతున్నాడని నాకు తెలియదు. తల కొట్టేసినట్టయింది. గదికి వెళ్లి పొయ్యీ, కాగితమూ తీసుకున్నాను. గజేందర్ అడ్డం నిలబడ్డాడు. "నర్సూ, పోతే మనం నలుగురం పోతం" అన్నాడు. "ఆయన గా డబ్బాలు వాసన జూస్తుండురా, పోయి ఒక్కసారి చూసిరా" అన్నాను. వెళ్లి చూసి వచ్చాడు. వచ్చి చెప్పులేసుకున్నాడు. ఇద్దరం కలిసే ఆఫీసుకు వెళ్లాం.

సువార్తరావు గారు పొయ్యిని చూశారు, కాగితాన్ని చూశారు. నువ్వు రాసిన ఉత్తరం కూడా చదివి వినిపించమన్నారు. తిట్లతో సహా చదివాను. అంతా విన్నారు. తర్వాత, "ఈ ముక్క ఆ రోజు డాక్టరు గారికి చెప్పుంటే ఎంత బాగుండేదయ్యా! వాడికి ఏమన్నా అయ్యుంటే మీరు ఏం చేసేవాళ్లు?" అన్నారు. రిపోర్టు రాసి కంపెనీకి పంపారు. మా సంగతి ఇంకా తేలలేదు. ముజఫ్ఫర్ భాయ్ టికెట్ మాత్రం ఆ పూటే ఆగిపోయింది.

ఆయనకు నేనే వెళ్లి చెప్పాను. కొడతాడనుకున్నాను. బియ్యం బస్తా మీద కూర్చుండిపోయి, "తో మైనే కుఛ్ నహీ కియా?" అని మూడుసార్లు అడిగాడు. మీరేమీ చేయలేదు భాయ్, చేసింది మేమే అని మూడుసార్లూ చెప్పాను.

ఇవాళ కడుపునిండా తిన్నానక్కా. ఇక పంపిస్తే పంపించనీ.

రాజనర్సు


బూరుగుగూడ
మార్చి 1

చిన్న తమ్ముడా,

నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుని పోయినట్టున్నాయి. నేను చెప్పకముందే చేశావు. కడుపులో పాలు పోశావురా. నా ఉత్తరంలోని తిట్లు వెనక్కి తీసుకుంటున్నాను. మిగతాది వెనక్కి తీసుకోను.

నిన్న ఫోన్లో గజేందర్ అన్నీ తనే చెప్పేశాడు. మీ నలుగురికీ హెచ్చరిక లెటరు ఇచ్చి వదిలేశారని, తోటపని వాళ్లందరికీ ఆ కొక్కును నువ్వే చూపించి చెప్పాలని షరతు పెట్టారని. విజయరాణి ఒక పావుగంట ఏడ్చి, ఒక పావుగంట తిట్టి, తర్వాత టీ పెట్టింది. మొలతాడు ఇంక విప్పనివ్వనంది.

నువ్వు నెల తిరక్కముందే చేసిన పని నేను ముప్పై ఏళ్లుగా చేయలేదు. నీ ఉత్తరం చదివిన సాయంత్రం గంగులమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె చూపు తగ్గింది, గొంతును బట్టి పోల్చుకుంది. "గౌరీ, నువ్వా? గీ ఇంటికొచ్చినవా?" అంది. గడపలోనే నిలబడి చెప్పాను. మధ్యలో ఆగితే మళ్లీ చెప్పలేనని ఒక్క గుక్కలో చెప్పాను.

తిడుతుందనుకున్నాను. ఆమె చెంగుతో మొహం తుడుచుకుని, "అయితే తప్పు నా అరిసెది కాదా బిడ్డా? పాకం ముదిరిందా, నూనె పాతదా అని ఇప్పటిదాంక యాది జేసుకుంటనే ఉన్న" అంది. ముప్పై ఏళ్లు, రాజనర్సూ! నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. తీయలేదు.

మర్నాడు మన వీధిలో అందరి ముందూ చెప్పాను. కొందరు నన్ను అదోలా చూస్తున్నారు. చూడనీ. ఆ మధ్యాహ్నం గంగులమ్మ మన గడప తొక్కి మన ఇంట్లో మంచినీళ్లు తాగింది.

ఇక నీకు రాయడానికి దాచుకున్నదేమీ లేదు.

గౌరవ్వ


అల్ రయ్యాన్ క్యాంప్
జూలై 19

అక్కకు, అక్క పక్కనే కూర్చుని వింటున్న గంగులమ్మకు,

మా క్యాంపు నారాయణప్ప సెలవు నుంచి వచ్చి మీ మూట ఇచ్చాడు. ఎండబెట్టిన కొక్కులు, గులాబీ పొడి రాలిన కాగితం, అరిసెల డబ్బా. అరిసెలు ముందు తిన్నాను. పాకం సరిగ్గా ఉంది అవ్వా, నూనె కూడా మంచిదే. నాలుగో ఏట తిన్నదీ ఇంత బాగానే ఉండి ఉంటుంది.

కొక్కులు గదిలో వండలేదు, భయపడకండి. నిన్న శుక్రవారం సువార్తరావు గారిని అడిగి మెస్ వంటగదిలో ముజఫ్ఫర్ భాయ్ చేతనే వండించాం. నిజం తెలిశాక ఆయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేవాడు, కూర మాత్రం గరిటె అంచుకు అంటినంతే పోసేవాడు. ఇప్పుడు మళ్లీ రాజూ భాయ్ అంటున్నాడు. పాత ఆకుపచ్చ కాగితం ఫిబ్రవరి నుంచీ మెస్ గోడ మీదే అంటించి ఉంది, దాని పక్కనే నీ గులాబీ కాగితం కూడా అంటించాడు. ఏది విషమో, ఏది తినేదో కింద తెలుగు, హిందీ, నేపాలీల్లో రాయించాం. గజేందర్ అందరికీ వేలుపెట్టి చూపిస్తూ పెద్ద పంతులులా చెబుతున్నాడు, ఆ కూర తిని పడినవాడు తనేనన్న సంగతి తప్ప.

కూర అయ్యాక ముజఫ్ఫర్ భాయ్ ఒకే ఒక్క పళ్లెం పెట్టాడు. నా ముందు.

"పెహ్‌లే తూ," అన్నాడు. ముందు నువ్వు తిను అని.

తిన్నానక్కా. పన్నెండు గంటలకు. గజేందర్ గిన్నె వైపు చెయ్యి చాపితే ముజఫ్ఫర్ భాయ్ గరిటెతో కొట్టాడు. మూత పెట్టి గడియారం ఎదురుగా కూర్చున్నాడు. మేమూ కూర్చున్నాం. ఒంటిగంట అయింది, రెండు అయింది. ఎవరూ లేవలేదు. మూడు కొట్టాక నా నాలుక చూశాడు, కడుపు నొక్కి చూశాడు. "కుఛ్ హోతా హై?" అని అడిగాడు, ఏమైనా అవుతోందా అని. ఆకలేస్తోంది భాయ్ అన్నాను.

అప్పుడు నవ్వాడు. కూర మళ్లీ వేడి చేసి, మూత తీసి, ముందు తన పళ్లెంలోనే వడ్డించుకున్నాడు.

రాజనర్సు